పన్ను కట్టేవాడికే ఆ రాయితీ
ఉద్యోగి తన కంపెనీ ద్వారా ఎలక్ట్రిక్ బైక్ కొంటే అతని ఆదాయపు పన్ను తగ్గించాలి, బ్రిటన్‌లో సైకిళ్ళకు 1999 నుంచీ అలాంటి పథకం ఉంది అని ఒక వ్యాసంలో రాశారు. మంచిదే, కానీ పన్ను కట్టేవాడికే కదా ఆ లాభం! మా శ్రీకాకుళం జిల్లా రణస్థలం నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీలకు షిఫ్టులకెళ్ళే కుర్రాళ్ళలో కాంట్రాక్టరు కింద చేసేవాళ్ళు బోలెడుమంది. కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు, ఇంక వీళ్ళకి తగ్గేదేముంది? మా పక్కింటి తమ్ముడు అప్పుచేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. మేడ మీద అద్దె గది, కిటికీలోంచి వైరు వేలాడదీసి ఛార్జింగ్ పెడుతుంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. ఇప్పుడు నైటు షిఫ్టు దిగొచ్చి చుట్టాలింట్లో పెట్టుకుంటున్నాడు. కంపెనీలు నిజంగా సాయం చెయ్యాలనుకుంటే పార్కింగ్ షెడ్డులో ప్లగ్గులు పెట్టించి, వడ్డీ లేకుండా జీతంలో వాయిదాలు పట్టుకోవాలి, కాంట్రాక్టు వాళ్ళకి కూడా.