పడని వేలు, రాని చీటీ

రేషన్ షాపు బల్ల మీద కొలువై ఉన్న వేలిముద్రల మిషన్ గారికి,

నమస్కారమండి. నిన్న మధ్యాహ్నం మా దొడ్డమ్మను తమరి దర్శనానికి తీసుకొచ్చినవాణ్ణి. గుర్తుండదు లెండి. ఆవిడనే గుర్తుపట్టని తమరు నన్నేం గుర్తుపడతారు?

బొటనవేలు పెట్టమన్నారు, పెట్టింది. పడలేదు. చూపుడువేలు కూడా పడలేదు. డీలరు గారు కొంగుతో తుడిచి పెట్టమన్నారు, వెంటనే కాస్త తడి చేసి పెట్టమన్నారు. ఎడమ చేతికి వచ్చేసరికి లైన్లోవాళ్లంతా నిపుణులైపోయారు. ఒకరు కొబ్బరినూనె రాయమంటారు, ఒకరు గట్టిగా నొక్కమంటారు, ఇంకొకరు అసలు నొక్కొద్దంటారు. తమరు మాత్రం అలిగిన కొత్తల్లుడిలా దేనికీ లొంగలేదు. చివరికి తెర మీద 300 అని ఒక అంకె చూపించి ఊరుకున్నారు. ఆధార్ లెక్కలో దానర్థం ముద్ర సరిపోలలేదని. ఈ 300కీ మాకూ ఏ జన్మలో వైరమో! అప్పట్లో ప్రభుత్వ పథకాలకు అర్హులెవరో తేల్చడానికి ఆరు అంచెల పరిశీలన అని పెట్టి, నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటితే అనర్హులే అన్నారు. ఒకే మీటరు కింద మూడు వాటాలు కాపురం ఉంటున్నాయన్న సంగతి ఆ మీటరుకు తెలియదు కదా.

దొడ్డమ్మ వేళ్ల సంగతి తమరికి చెప్పాలి. కోనసీమలో మోరి వైపు జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనిలో ఆవిడ వయసంతా గడిచింది. పిక్క తొక్కలో ఉండే జీడినూనె ఒంటికి తగిలితే చర్మం కాలి ఊడొస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా వేళ్ల చివర్లు నున్నగా అయిపోతాయి. ఆవిడ ఒక్కర్తే కాదు. రొయ్యల షెడ్డులో ఐసుగడ్డల మధ్య తలలు తీసే ఆడపిల్లల వేళ్లు చూడండి. కొబ్బరి పీచు పనివాళ్లవి చూడండి. బురదలో నాట్లేసే చేతులు చూడండి. ఈ డెల్టాలో కూలి పని చేసి బతికేవాళ్లకి వేళ్ల మీద గీతలు మిగలవు. గీతలు చెక్కుచెదరనివాళ్లకి తమరితో పనే ఉండదు. పథకం ఎవరి కోసం పెట్టారో వాళ్ల చేతుల్ని మాత్రం చూడకుండా తమర్ని తయారుచేసిన మహానుభావుడెవరో ఒక్కసారి కలవాలని ఉంది.

కంటిపాపతో చూడొచ్చు కదా అన్నాను. ఆ పరికరం పనిచేయడం లేదట. ఫోనుకి ఓటీపీ పంపండి అన్నాను. ఆధార్‌కి ఇచ్చిన నంబరు కూతురిది. కూతురు కువైట్లో ఉంది, ఆ సిమ్ము ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

దొంగ కార్డులు లేవని నేననడం లేదండి. పోయినవాళ్ల పేర పింఛను, పుట్టనివాళ్ల పేర పంచదార లాగించిన రోజులు మాకూ తెలుసు. అసలు ఆధార్‌తో రేషన్ అనే ప్రయోగం 2012లో మా తూర్పు గోదావరి జిల్లాలోనే చేశారు. అప్పుడు సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. దొంగలు పోతారనుకున్నాం.

పోయారా? ముద్ర పడిన బియ్యం షాపు మలుపు తిరగకముందే మోపెడ్ మీద వచ్చినవాడు కొనుక్కుపోతున్నాడు. అమ్మేవాళ్లు మావాళ్లే, కాదనను. అక్కణ్ణించి ఆ బియ్యం ఎక్కడికి పోతాయో 2024 నవంబరు చివర్లో కాకినాడ తీరంలో లోకమంతా చూసింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ బోటెక్కి సముద్రంలోకి వెళ్లి ‘సీజ్ ద షిప్’ అన్నారు. అధికారులు పరీక్ష చేయించి, ఓడలో రేషన్ బియ్యం ఉన్నాయని తేల్చారు. ఇప్పుడు చెప్పవయ్యా, ఆ బస్తాలు ఓడెక్కేటప్పుడు ఎవరి బొటనవేలు అడిగావు? ఎవర్ని కొంగుతో తుడుచుకోమన్నావు? దొడ్డమ్మకి నెలకు వచ్చేవి ఐదు కిలోలు. ఆ ఐదు కిలోల దగ్గర పది వేళ్లూ చూసినవాడివి, ఓడ దగ్గర ఒక్క వేలూ చూడలేదేం?

2025లో దివ్యాంగుల పింఛన్లనూ మళ్లీ పరీక్షించారు. వైకల్యం 40 శాతం లోపే ఉందని కొందరికి నోటీసులు ఇచ్చి, తర్వాత అప్పీలు చేసుకోమన్నారు. మంచానికే పరిమితమైన మనిషి అప్పీలుకి ఎలా వెళ్తాడన్నది మాత్రం ఆ నోటీసులో ఉండదు.

ఇవన్నీ ఎలాగో దిగమింగుకుంటాం. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ చీటీ. వేలు పడితే నీ పొట్టలోంచి టకటకా చీటీ వస్తుంది: పేరు, తారీఖు, కిలోలు, అన్నీ అచ్చవుతాయి. పడకపోతే ఏమీ రాదు. ఆవిడ ఎండలో వచ్చిందనడానికి, లైన్లో నిలబడిందనడానికి మా చేతిలో చిత్తుకాగితం కూడా ఉండదు. నెలాఖరుకి లెక్క తీస్తే ‘సరుకు తీసుకోలేదు’ అనే ఉంటుంది. కొన్నాళ్లకి ఎవరో ఒకరు వచ్చి, తీసుకోనివాళ్లకి కార్డెందుకు అంటారు. తీసుకోకపోవడం వేరు, నువ్వు ఇవ్వకపోవడం వేరు. ఆధార్ సరిపోలక అర్హులెవరికీ సాయం ఆగదని ప్రభుత్వమే సుప్రీంకోర్టులో చెప్పింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ఆ మాట ఉంది. నీలోకి ఎక్కించడం మర్చిపోయారు కాబోలు.

నిన్ను తీసి గోదాట్లో పారేయమని అడగడం లేదు. ‘ఫలానా ఆవిడ ఫలానా తారీఖున వచ్చింది, పది వేళ్లూ పెట్టింది, గుర్తుపట్టలేకపోయింది నేనే’ అని ఒక చీటీ ఇవ్వు. కాగితం రోలు దండగనుకుంటే చెప్పు, ఊళ్లో చందాలేసుకుని కొనిస్తాం. ఆ చీటీ పట్టుకుని ఎవర్ని నిలదీయాలో మేం చూసుకుంటాం.

ఇట్లు,
లైన్లో దొడ్డమ్మ వెనక నిలబడ్డవాడు