1,800 దగ్గరే ఆగిన అంకె

బెంగళూరు మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పనిచేస్తున్న మన కుర్రాళ్ల పేస్లిప్పు ఒకసారి చూడండి. జీతం 80 వేలో లక్షో ఉంటుంది. కోతల వరుసలో పీఎఫ్ (భవిష్య నిధి) ఎదురుగా చాలాచోట్ల కనిపించేది మాత్రం 1,800 రూపాయలే. జీతం ఎన్నిసార్లు పెరిగినా ఆ అంకె కదలదు. పీఎఫ్ లెక్కకు 2014 సెప్టెంబరులో పెట్టిన జీతం పరిమితి 15,000. అందులో 12 శాతం 1,800. కంపెనీలు అక్కడే గీత గీస్తున్నాయి. ఇదే గీత పెన్షన్‌కూ అడ్డొచ్చింది. ఆ పరిమితికి మించిన జీతంతో అప్పటి తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఉద్యోగుల పెన్షన్ పథకంలో చోటే లేదు.

గీత దాటే దారి మాత్రం ఉంది. స్వచ్ఛంద భవిష్య నిధి, అందరూ వీపీఎఫ్ అనేది, ఎంచుకుంటే బేసిక్, డీఏ (కరువు భత్యం) మొత్తం వరకూ ఎంతైనా జీతంలోంచే జమ చేయించుకోవచ్చు. వడ్డీ పీఎఫ్‌కిచ్చేదే: 2024-25కు 8.25 శాతం. కంపెనీ దానికి జోడీగా పైసా వేయక్కర్లేదు, వేయదు కూడా. అయినా నెలకు 2,000 చొప్పున ఇరవై ఏళ్లు వేస్తే మన జేబులోంచి వెళ్లేది 4.80 లక్షలు, ఇదే వడ్డీ సాగితే చేతికొచ్చేది 11 లక్షల పైమాటే. నెలకు ఆ 2,000 అంటే, శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి ఊరెళ్లి రావడానికి ఇంచుమించు అయ్యేదే.

అందరూ ఇందులోనే పోయాలని మేము అనడం లేదు. క్రెడిట్ కార్డు బాకీ నెత్తిన పెట్టుకుని వీపీఎఫ్ కట్టడం తెలివితక్కువ పని. ఏడాదికి ఉద్యోగి వాటా రెండున్నర లక్షలు దాటితే, ఆ పై మొత్తం మీద వచ్చే వడ్డీకి 2021 ఏప్రిల్ నుంచి పన్ను పడుతోంది. కొత్త పన్ను విధానంలో ఇలాంటి పొదుపుకు మినహాయింపూ లేదు. పన్ను ఆదా కోసమే చేరేవాళ్లు ముందు ఆ లెక్క చూసుకోవాలి.

దాచుకోవడం తెలియక కాదు, దాచింది కావలసినప్పుడు దక్కుతుందో లేదోనన్నదే అసలు టెన్షన్. 2016 ఏప్రిల్‌లో ఈ ఊరి గార్మెంట్ కార్మికులు, అత్యధికులు ఆడవాళ్లే, రోడ్డెక్కింది అందుకే. యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదన్న నిబంధనను రెండు రోజుల ఆందోళన తర్వాత కేంద్రం వెనక్కి తీసుకుంది. ఆ మిషన్ల ముందు కూర్చున్నవారికి పీఎఫ్ అంటే ముసలితనం నాటి మాట కాదు, వచ్చే జూన్‌లో కట్టాల్సిన స్కూలు ఫీజు. దాన్ని ఆశపోతుతనంగా చూసినవాళ్లున్నారు. మేము అలా చూడలేం.

తెలుగువారికి ఇంకో తిప్పలుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో పొడి అక్షరమే ఉంటుంది. రెండూ కలవక క్లెయిమ్ తిరిగొచ్చాక, కొందరికి పాత కంపెనీ గుమ్మం దగ్గర పడిగాపులు. అది పెద్ద మొత్తం వేయకముందే సరిచేయించుకోవాల్సిన పని.

కంపెనీలను మేము అడిగేది చిన్నది. కొన్నిచోట్ల వీపీఎఫ్ మార్చుకునే వీలు ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. ఆ సంగతి చెప్పే ఇంగ్లిష్ మెయిల్ ఇన్‌బాక్స్ అడుగున పడి ఉంటుంది. జీతం పెంచుతున్నామని ఇచ్చే కాగితంలోనే, కొత్త అంకె కింద, ‘ఇందులో వీపీఎఫ్‌కు ఎంత?’ అని ఒక ఖాళీ గడి పెట్టండి. కార్మికులు పనిచేసే షాప్ ఫ్లోర్‌లో అయితే ఆ కాగితం కన్నడంలో, తెలుగులో కూడా ఇవ్వండి. నింపాలో వద్దో వాళ్లు చూసుకుంటారు.