బొజ్జలో సైరన్

తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్తే విశాఖపట్నం ఆరోగ్యం అంతా బూట్లు వేసుకుని నడుస్తూ కనిపిస్తుంది. నడకతో నాకు పేచీ లేదు. పేచీ అంతా సబ్‌మెరైన్ మ్యూజియం ఎదర ఆగే ఒక తోపుడుబండితోనూ, దానికి కట్టిన ఫ్లెక్సీతోనూ. 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అని ఎర్రక్షరాలు. ఎంత దాకా పెంచాలో రాయలేదు. పెట్రోలు పెరిగితే గగ్గోలు పెడతాం గానీ, ఇది ఎంత పెరిగినా శుభమే కాబోలు.

మా వాకర్స్ క్లబ్బు అధ్యక్షుల వారు రోజూ కాళీమాత గుడి దగ్గర బయల్దేరి, దారిలో కనబడిన వాళ్ళందరికీ రాజకీయాలు చెప్పి, ఆ బండి దగ్గర తేలతారు. ఆకుపచ్చ జ్యూసు వస్తుంది. ఈలోగా ఫోను మోగుతుంది. ఆయన గ్లాసుని బొజ్జ మీద పెట్టుకుని మాట్లాడతారు. గ్లాసు తొణకదు, నిండుకుండ కదా. ఫోను పెట్టేసి, కళ్ళు మూసుకుని, గటగటా తాగి, "ఎక్కిందయ్యా" అంటారు. ఎక్కిన ఇమ్యూనిటీని దింపకుండా నేరుగా టిఫిన్ బండికి తీసుకెళ్తారు. అక్కడ మైసూరు బజ్జీ ఒక ప్లేటు. బజ్జీలు అయిపోయి చట్నీ మిగిలిందని రెండో ప్లేటు. చట్నీ అయిపోయి బజ్జీ మిగిలిందని ఇంకాస్త చట్నీ. ఈ లెక్క ఏ రోజూ సరిపడగా నేను చూడలేదు.

అధ్యక్షా, తమరి ఇమ్యూనిటీ ఎప్పుడో పెరిగింది. బొజ్జలోనే కాపురం పెట్టింది.

కొవ్వంటే మిగిలిన తిండిని దాచుకునే గోడౌను అనుకునే రోజులు పోయి ముప్పై ఏళ్లు దాటింది. టీఎన్ఎఫ్ అనే మంట పుట్టించే పదార్థం కొవ్వులోంచే వస్తోందని 1993లో తేల్చారు. మరుసటేడు అదే కొవ్వు నుంచి లెప్టిన్ అనే హార్మోను బయటపడింది. కొవ్వు కణాలు బాగా ఉబ్బితే వాటికి రక్తం సరిగ్గా అందదు, కొన్ని చచ్చిపోతాయి. ఆ చెత్త ఎత్తడానికి మ్యాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వస్తాయి. సన్నటి మనిషి కొవ్వులో ఉండే కణాల్లో ఇవి పది శాతం లోపే. ఊబకాయం బాగా ముదిరితే దాదాపు 40 శాతం. చావుకొచ్చిన చుట్టాలు పెద్దకర్మ అయినా కదలనట్టు, వచ్చినవి అక్కడే తిష్ఠ వేసి మంట పెడుతూ కూర్చుంటాయి. లెప్టిన్, టి కణాలనే మరో రకం రక్షణ కణాలను ఎగదోస్తుంది. 'ఊరుకోండ్రా' అని సర్దిచెప్పే పెద్దమనుషుల్లాంటి టి కణాలు మాత్రం పలచబడతాయి.

1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వచ్చి మునిగిన తీరం మనది, సైరన్ సంగతి మనకి ఒకరు చెప్పాలా? బొజ్జలో ఇలా ఇరవై నాలుగ్గంటలూ మోగే సైరన్‌ని అసలు శత్రువు వచ్చిన రోజు ఎవడు పట్టించుకుంటాడు? 2009లో స్వైన్ ఫ్లూ లావుపాటి వాళ్ళని ఎక్కువ పీడించింది. హెపటైటిస్ బి టీకా వేసినా వాళ్ళలో యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. ఇక సొంత ఇంటి మీద కాల్పులకి మాత్రం ఈ సైన్యం ఎప్పుడూ రెడీ. చర్మం పొలుసులు లేచే సొరియాసిస్, కీళ్ళు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చే ముప్పు పెరుగుతుంది. సన్నటి వాళ్ళకి రావని కాదు. లావు వాటికి ఎర్ర తివాచీ పరుస్తుంది, అంతే.

మా వదినకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి బిగుసుకోదు. పాల ప్యాకెట్టు పళ్ళతో చింపుతుంది. మనిషి కాస్త లావు. మొదట చూపించిన చోట ఏడాదిన్నర పాటు ఆవిడ చెయ్యి పట్టుకుని చూసినవాళ్ళు లేరు, "బరువు తగ్గండమ్మా" అన్నవాళ్ళే. మోకాళ్ళంటే సరే. చేతివేళ్ళ మీద నడుస్తుందా ఆవిడ? బరువు ఆ జబ్బుని ఎగదోస్తుంది, కొన్ని మందుల్ని సరిగ్గా పనిచెయ్యనివ్వదు, నిజమే. అలాంటప్పుడు ఇంకా త్వరగా, ఇంకా జాగ్రత్తగా చూడాలి కదా! అధ్యక్షుల వారి బొజ్జ హోదా అట, ఆవిడ లావు తిండియావ అట.

చివరికి ఒక మంచి డాక్టరు దొరికి, వారానికోసారి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి, వేళ్ళు కాస్త దారికొచ్చాయి. అప్పుడొచ్చారు మా అధ్యక్షుల వారు, చేతిలో ఒక పొడి డబ్బాతో. "ఆ మాత్రలు ఆపేసి ఇది వేసుకోమ్మా, ఇమ్యూనిటీ పెరుగుతుంది." పెరిగిన ఇమ్యూనిటీయే కదయ్యా ఆవిడ కీళ్ళు కొరుక్కు తింటోంది! ఆ మాత్ర దాన్ని చల్లార్చడానికే. నిప్పార్పుతున్న మనిషి చేతిలో బిందె లాక్కుని కిరసనాయిలు డబ్బా పెట్టాడు. ఆవిడ మర్యాదస్తురాలు, రెండు నెలలు మాత్రలు ఆపింది. వేళ్ళు అరటిపళ్ళలా వాచాయి. రాత్రిళ్ళు వంటింట్లో కూర్చుని ఏడ్చేది. నీకెవడిచ్చాడయ్యా ఆ అధికారం? ఏం చదివావని?

మళ్ళీ మాత్రలు మొదలయ్యాయి. మొన్న ఆదివారం నాతో బీచ్‌కి కూడా వచ్చింది, నెమ్మదిగా నడుస్తూ. బండివాడు వదల్లేదు.

"ఏటమ్మా, ఓ గ్లాసు కొట్టమంటారా? ఇమ్యూనిటీ ఒక్కపాలి లేచిపోద్ది!"

"నాకున్నదే ఎక్కువైంది బాబూ," అంది వదిన. "కావాలంటే నీకే కాస్త ఇస్తా."

అవతల టిఫిన్ బండి దగ్గర అధ్యక్షుల వారు ఇంకొంచెం చట్నీ అడుగుతున్నారు.