సిద్కియా రాజుగారికి ఏ పాపమూ తెలియదు

క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద తరచూ కనిపించే వాగ్దానం బైబిల్లో యిర్మీయా గ్రంథం 33:3. "నాకు మొఱ్ఱపెట్టుము నేను నీకు ఉత్తరమిచ్చెదను." చుట్టూ గులాబీలు, వెనక జలపాతం. కేవలం రెండు వచనాలు పైకి వెళ్తే, ఈ మాట వచ్చేనాటికి యిర్మీయా ప్రవక్త ఇంకా చెరసాల ప్రాకారంలోనే ఉన్నాడని రాసి ఉంది. జలపాతం పట్టాక దానికి జాగా చాల్లేదు కాబోలు.

అక్కడ పెట్టిందెవరండీ అని అడిగితే ప్రసంగీకుల జవాబు సిద్ధం: "దేవుడు అనుమతించాడు బ్రదర్." సరిపోయింది. యూదా రాజు సిద్కియా పాపం దారిన పోయేవాడు.

32వ అధ్యాయంలో ఆ దారిన పోయేవాడు "నువ్వెందుకు ఇలా ప్రవచిస్తున్నావు?" అని అడుగుతూ ప్రవచనం మొత్తం తనే అప్పజెబుతాడు. యెరూషలేము పట్టణం బబులోను రాజు చేతికి పోతుంది, సిద్కియా తప్పించుకోడు, ఆ రాజును కళ్లారా చూస్తాడు, బబులోనుకు పోతాడు. ఎక్కడా పొల్లు పోలేదు, సండే స్కూల్లో మొదటి బహుమతి ఇవ్వచ్చు. అర్థం కాక వేసిన జైలు కాదిది.

38వ అధ్యాయం ఇంకా ముచ్చట. ఏలినవారు తన ఖైదీని ఆలయపు మూడో ద్వారం దగ్గరికి గుట్టుగా పిలిపించుకుంటారు. ఒక మాట అడుగుతాను, ఏమీ దాచకు అంటారు. చెప్తే చంపిస్తావు, సలహా ఇస్తే వినవు అంటాడు ఖైదీ. చంపను అని ఒట్టు, అదీ రహస్యంగానే. లొంగిపో, బతుకుతావు అంటే, బబులోను వైపు చేరిన యూదులు నన్ను ఎగతాళి చేస్తారేమోనని భయం. చివరికి, మనం మాట్లాడుకున్నది అధికారులు అడిగితే, నన్ను మళ్లీ ఆ పాత జైలుకు, యోనాతాను ఇంటికి, పంపొద్దని బతిమాలుకున్నానని చెప్పు అంటూ అబద్ధం కూడా తనే అల్లి ఇచ్చారు. ఎవరికి ఎవరు బందీయో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

అంతకు ముందు ఆ అధికారులే వచ్చి, వీడు ప్రజల మేలు కోరడం లేదు, సైనికుల చేతులు సడలిస్తున్నాడు, చంపాలి అన్నారు. మీ చేతుల్లోనే ఉన్నాడు, నేను అడ్డు రాలేను అన్నాడు రాజు. తాళ్లతో గోతిలోకి దింపారు. నీళ్లు లేవు, బురదే. ముట్టడిలో రొట్టె దొరక్క చస్తున్న ఊళ్లో "లొంగితే బతుకుతారు" అన్నవాడు ప్రజాద్రోహి! దీన్ని "శ్రమల పాఠశాల" అని మూడు పాయింట్లు చేసి ఆమెన్ చెప్పించుకుంటారా? ఇది హత్యాయత్నమయ్యా! చేసినవాళ్ల పేర్లు అక్కడే ఉన్నాయి: షెఫట్య, గెదల్యా, యూకలు, పషూరు. ఏ ప్రసంగంలో విన్నారు? అంత పెద్ద ఆలయం ఉన్న ఊళ్లో రాజు ముఖం మీద "వీళ్లు చేసింది తప్పు" అన్నది పరదేశి ఒక్కడు, కూషీయుడైన ఎబెద్మెలెకు. తాడు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని పాత గుడ్డలు కూడా దింపాడు.

క్రీ.పూ. 587 ప్రాంతంలో పట్టణం పడింది. రాజు రాత్రికి రాత్రి పారిపోతూ యెరికో మైదానంలో దొరికాడు. యిర్మీయాను విడిపించింది బబులోను సేనాని నెబూజరదాను. దారి బత్తెమిచ్చి, పైన కానుక కూడా ఇచ్చి పంపాడు. శత్రువు కదా మరి, మర్యాద తెలియదు.