పసరుతో జ్వరం తగ్గింది సరే, మలేరియా తగ్గిందా?

2021 మేలో ఆనందయ్య ఇచ్చిన మూలికల కరోనా మందు కోసం కృష్ణపట్నంలో బారులు తీరిన జనం నెల్లూరు వాళ్లకు ఇంకా గుర్తే. హాని లేదని నివేదిక వచ్చాక, కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. 'హాని లేదు' అన్న మాట చాలామందికి 'పనిచేస్తుంది' అని వినిపించింది. మూలికల గురించి మనం చేసే వాదనలు ఎక్కువగా ఇక్కడే దారి తప్పుతాయి.

మలేరియాలో ఈ పొరపాటు మరీ సులువు. వైవాక్స్ రకం జ్వరం దినం విడిచి దినం వస్తుంది. వణుకు, ఒళ్లు కాలిపోవడం, చెమటలు, ఆ తర్వాత మనిషి లేచి తిరుగుతాడు. ఆ పూట గచ్చకాయ పప్పు మిరియాలతో నూరి పెట్టినా, నేలవేము కషాయం పట్టినా, పేరు మందుకే పోతుంది. పరాన్నజీవి మాత్రం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. ఫాల్సిపారం రకం అయితే అంత గడువు కూడా ఇవ్వదు, మెదడుకెక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే థర్మామీటర్ సాక్ష్యం చెల్లదు. 1976 నుంచి ఫాల్సిపారంను ల్యాబ్‌లోనే, మనిషి ఎర్ర రక్తకణాల్లో పెంచగలుగుతున్నారు. అందులో ఆకు సారం కలిపి, ఎంత మోతాదుకు పరాన్నజీవుల పెరుగుదల సగానికి పడిపోతుందో చూస్తారు. అదే మోతాదుకు మన కణాలూ చస్తుంటే ఇక దాన్ని మందు అనలేం. ఆ తర్వాత ఎలుకలు. వేపలో ఉండే గెడునిన్ గాజు పాత్రలో బాగానే పనిచేసింది, ఎలుకల దగ్గరికొచ్చేసరికి ఆ బలం కనిపించలేదు.

చైనా శాస్త్రవేత్త తు యూయూ కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ఆమెకు 2015లో నోబెల్ వచ్చిందని అందరూ చెబుతారు, అసలు కిటుకు మాత్రం వదిలేస్తారు. ఆ మందుకు మూలమైన చింగ్‌హావ్ మొక్క సారంతో ఫలితం ఒకసారి వచ్చేది, ఇంకోసారి వచ్చేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి తాగమని ఉంది. కాచమని లేదు. అంటే మన మాటల్లో అది కషాయం కాదు, పసరు! వేడికి గుణం పోతోందేమోనని ఆమె ఈథర్ అనే ద్రావకంతో, తక్కువ వేడిలో సారం తీశారు. 1971 అక్టోబరులో ఆ 191వ నమూనా ఎలుకల్లో పరాన్నజీవులను పూర్తిగా తుడిచేసింది.

మన దగ్గర ఏది దొరికినా కాచడమే. వెలిగొండ కింద యానాదులో, దోర్నాల వైపు చెంచులో ఒక ఆకు చెబితే మనం రాసుకునేది దాని పేరొక్కటే. ఏ నెలలో కోశారు, వేరా ఆకా, పచ్చిదా ఎండుదా, నానబెట్టారా కాచారా అన్నది రాసుకోం. ఆ తర్వాత బజారులో ఎండు పొడి కొని పరీక్షకు పెడతాం. ఫలితం రాకపోతే తప్పు మొక్కదా, మనదా?

ఫార్మసీ కాలేజీలు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిని పెంచే ల్యాబ్ ప్రతి కాలేజీకీ కుదరదు, ఆ పని పెద్ద సంస్థలతో కలిసి చేసుకోవచ్చు. గూడెంలో నాలుగు రోజులు కూర్చుని, చెప్పినవాళ్ల పేరుతో సహా రాసుకురావడానికి మాత్రం ఒక నోటుబుక్కు చాలు. రేపు దాన్నుంచి ఏదైనా అమ్ముడుపోయే మందు పుడితే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం వాళ్లకు రావాల్సిన వాటాకు ఆధారం ఆ పేజీయే.