ఎగరొప్పు అంటే గ్యాస్ కాదు

మొన్న ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి మీలో చాలామంది ఒడిశాలోని మన తెలుగు సంఘం హాల్లోనే ఉన్నారు. నీట్‌లో సీట్లు తెచ్చుకున్న పిల్లలకి శాలువాలు కప్పడం అయ్యేసరికి రాత్రి తొమ్మిదైంది. పద్యాలు చెప్పడానికొచ్చిన చిన్నపిల్లలు పట్టులంగాల్లోనే తల్లుల ఒళ్ళో నిద్రపోయారు. పైగా వేదిక మీద ఓ పెద్దాయన మైకు పట్టుకుని, "పద్యాలొస్తే సీటొస్తుందా?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది.

ఆయనన్నది అబద్ధమేమీ కాదు. నీట్‌కి 720 మార్కులు. బయాలజీకి 360, మిగతా సగం ఫిజిక్సుకీ కెమిస్ట్రీకీ. భాషకి సున్నా. మా అబ్బాయి ప్లస్ టూలో ఎంఐఎల్, అంటే భారతీయ భాషల పేపరు కింద తెలుగు తీసుకుంటే, "పాసైతే చాలు, ఆ పుస్తకం ముట్టకు" అన్నది నేనే. విశాఖ కోచింగుకి పంపిస్తూ వాడి పెట్టెలోంచి కథల పుస్తకాలు తీసేసిందీ నేనే.

కిందటి చలికాలం మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏ ఆసుపత్రో అడక్కండి. హౌస్ సర్జన్ మన తెలుగువాళ్ళబ్బాయే. అమ్మది టెక్కలి వైపు మాట. "రెండు మెట్లెక్కితే ఎగరొప్పొచ్చేస్తంది నాయినా. తొంగుంటే గుండెల మీద రోలెట్టినట్టుంటంది" అంది. అతను "పొట్ట ఉబ్బరమా?" అని, జవాబు వినకుండానే గ్యాస్ మాత్ర రాసేశాడు. పక్క బెడ్డు దగ్గరున్న ఆయా, ఆవిడకి ఊపిరాడటం లేదంటోందని ఒడియాలో చెప్తే, అప్పుడు స్టెతస్కోప్ తీశాడు. ఊపిరితిత్తుల్లో నీరు. పడుకుంటే ఆయాసం పెరగడాన్ని ఆర్థాప్నియా అంటారని ఆ అబ్బాయి చదివే ఉంటాడు. మా అమ్మ చెప్పిందీ అదే, రోలు పేరు పెట్టి.

అతన్ని తప్పుపట్టలేను. అతని పెట్టెలోంచీ ఎవరో పుస్తకాలు తీసేసే ఉంటారు.

గిడుగు వారు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే మాష్టారు. కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకోడానికి సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాలపాలై, క్వినైన్ వాడి చెవులు పోగొట్టుకున్నారంటారు. ఇవాళ గజపతి జిల్లా కొండల నుంచి బరంపురం మెడికల్ కాలేజీకి వచ్చే సవర ముసలమ్మకి మన ర్యాంకరు ఏం రాసిస్తాడు? 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ఎలా మాట్లాడాలో పాఠంగానే పెట్టారు, మొదట్లో ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషా ఉంది. పదిహేడేళ్ళు మనం ఎండగట్టింది కొన్నాళ్ళ కోర్సుతో చిగురిస్తుందా?

బయాలజీ మానేసి కవిత్వం రాసుకోమనడం లేదు. నేనంటే మా ఆవిడ ఊరుకోదు. ఆదివారం ఒక్క గంట మాక్ టెస్టు లేకుండా వదలండి. నాయనమ్మ దగ్గర కూర్చుంటాడో, కథల పుస్తకం తీస్తాడో వాడిష్టం.

సంఘం పెద్దలకి ఒక్క మనవి. వచ్చే జయంతికి పద్యాలు ముందు పెట్టండి, శాలువాలు తర్వాత. ర్యాంకర్లు ఎలాగూ పెద్దపిల్లలు, తొమ్మిదింటికి నిద్రపోరు.