మేడ మీద భారీ పరిశ్రమ

విశాఖపట్నం భారీ పరిశ్రమల నగరమని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం. నాలుగు పేర్లు రాస్తే నాలుగు మార్కులు. ఐదోది కూడా ఒకటుందని, అది మా నెత్తి మీదే నడుస్తోందని అప్పట్లో మాస్టారికి తెలియదు. నేను చెబుతున్నది మేడ తోట గురించి.

'భారీ' అనే మాట ఊరికే వాడలేదు. ఘనపుటడుగు తడిమట్టి దాదాపు 50 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మేడ కప్పును చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు ఆనేలా లెక్కగట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ చదరపు మీటరులో అడుగు లోతున మట్టి పోస్తే బరువు 500 కిలోలు దాటుతుంది. మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే విశ్రాంత ఇంజనీరు గారు ఈ లెక్కను ఏటా ఉగాదికి మాకు వివరిస్తారు. వివరించి, తన వంతు నాలుగు బస్తాల మట్టిని లిఫ్టులో ఎక్కిస్తారు.

ఉగాది అని ఎందుకన్నానంటే, పొద్దున పచ్చడి తిన్నాక సాయంత్రం మేడ మీద మా తోటల వార్షిక ప్రణాళికా సమావేశం జరుగుతుంది. నిరుటి గుణపాఠాలు, కొత్త ఏడాది లక్ష్యాలు, మధ్యలో పులిహోర. 2026 మార్చి 19న వచ్చిన ఈ ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు 'పరాభవ'. ప్రణాళికలు వేసుకునేవాళ్ళకు ఇంతకంటే నిజాయితీ గల పేరు అరవైలోనూ మరొకటి లేదు.

మొదట ఆదాయ వ్యయాలు. ఖాతా పుస్తకం నా దగ్గరే ఉంటుంది. నిరుడు కుండీలు, వర్మీకంపోస్టు, వేపపిండి, నీడవల కలిపి మా ఇంటి వ్యయం 6,300 రూపాయలు. ఆదాయం: వంకాయలు రెండు కిలోలు, బీరకాయలు నాలుగు, టమాటాలు పదకొండు, గోంగూర లెక్కలేనంత. (గోంగూర ఎప్పుడూ లెక్కలేనంతే. దాన్ని పండించలేకపోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.) ఒక్కో టమాటా ఎంతకు పడిందో భాగించి చూడమని మా ఆవిడ అడిగింది. ఎంవీపీ కాలనీ రైతు బజారు ధరల పట్టికతో మన టమాటాను పోల్చకూడదని, దీని రుచి వేరని చెప్పాను. పదకొండింటిలో ఆరు ఉడత తింది కాబట్టి రుచి విషయంలో దాని అభిప్రాయమే ప్రామాణికమంది. నష్టాల్లో ఉన్న పరిశ్రమను అమ్మేయాలన్న మాట ఈ ఊళ్ళో తరచు వినిపిస్తున్నా మా మేడ దాకా రాలేదు. కొనేవాడు దొరకడు.

ఇక గుణపాఠాలు. మొదటిది, కుండీల బరువు తగ్గించాలి. ఎర్రమట్టి పాలు తగ్గించి కొబ్బరి పీచు పొడి పెంచితే కుండీ తేలికవుతుంది, తడీ నిలుస్తుంది. బాగుంది. రెండోది, కుండీల బరువు పెంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో ఇక్కడే తీరం దాటినప్పుడు మహావృక్షాలే వేళ్ళతో సహా లేచాయి, పీచు పొడి కుండీ ఒక లెక్కా? మా తులసి కోట ఒక్కటే కదల్లేదు. నాటి నుంచి మాలో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. వేసవిలో కప్పు పగుళ్ళు చూపించి తేలిక వర్గం గెలుస్తుంది. అక్టోబరులో వాయుగుండం కబురు వినగానే బరువు వర్గం అధికారంలోకి వస్తుంది. రెండు వర్గాలకూ కుండీలు మోసేది మాత్రం నేనే.

ఎర్రమట్టి ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఏటా వస్తుంది. ఈసారి ఒక కొత్త సభ్యుడు, భీమిలి దారిలో దిబ్బలకు దిబ్బలే ఉన్నాయి కదండీ అన్నాడు. వేల ఏళ్ళుగా పేరుకున్న ఎర్రమట్టి దిబ్బలను, భూవైజ్ఞానిక వారసత్వ సంపదను, వంగనారు కోసం తవ్వాలన్న ఆ ప్రతిపాదనను రికార్డుల నుంచి తొలగించాం. పైగా అది ఇసుక పాలు ఎక్కువున్న నేల, వంకాయకు అంత మంచిది కూడా కాదని ఇంజనీరు గారు అన్నారు. ఆయనకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

సముద్రం కనిపిస్తుందని ఎక్కువ ధర పెట్టి ఫ్లాటు కొన్న సభ్యులొకరున్నారు. ఉప్పుగాలికి ఆయన మొక్కల ఆకుల అంచులు మాడిపోతున్నాయి. పొద్దున్నే ఆకులను మంచినీళ్ళతో కడగమని, గాలికి అడ్డు కట్టమని సలహా ఇచ్చాం. కట్టారు. ఇప్పుడాయన బాల్కనీ నుంచి కనిపించేది పచ్చని నీడవల.

మొక్కలకు పోసే ద్రవ ఎరువు జీవామృతం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇది ఎకరం పొలానికి చెప్పిన కొలత. మా మేడ మీద ఉన్నవి నలభై కుండీలు. ఇందులో ఇరవయ్యో వంతు చేసుకున్నా మిగులుతుంది. కానీ శాస్త్రం చెప్పిన కొలత మార్చడానికి మనమెవరం? నీలం రంగు డ్రమ్ము వచ్చింది, నిండింది. రోజుకు రెండుసార్లు కర్రతో కలిపే బాధ్యత నాకు దక్కింది. మూడో రోజుకు వాసన నాలుగంతస్తులు దిగి వాచ్‌మన్ గది చేరింది. నాకు చక్కెర జబ్బు ఉన్నందున పదేళ్ళుగా మా ఇంట్లో బెల్లం ముక్క కంటబడనివ్వరు. అలాంటిది, అనకాపల్లి నుంచి తెప్పించిన రెండు కిలోల మేలురకం బెల్లాన్ని నా చేతులతోనే చిదిపి పేడనీళ్ళలో కలిపాను. సూక్ష్మజీవులకు ఉన్న మర్యాద ఈ ఇంట్లో నాకు లేదు.

లక్ష్యాల విషయం త్వరగా చెప్పేస్తాను, అవి నిరుటివే. మృగశిర కార్తెలో ఆనప, కాకర, పొట్ల. వానలు పడ్డాక చిక్కుడు, ఎందుకంటే రథసప్తమి నాడు పరమాన్నం పెట్టడానికి దాని ఆకులు, రథం కట్టడానికి దాని కాయలు కావాలి. మా ఉత్పత్తుల్లో గడువు తేదీ ఉన్నది అదొక్కటే. ధనియాలు నలిపి చల్లాలి. కొత్తిమీర మొలవలేదని ఏటా వాపోయే ఆవిడ ఈసారి కూడా, నలపాలా అని ఆశ్చర్యపోయారు.

చీకటి పడుతుండగా సమావేశం అర్ధాంతరంగా ఆగింది. బీర పువ్వులు విచ్చుకునే వేళ అయింది.

తీగ కూరగాయలు షిఫ్టుల్లో పనిచేస్తాయని బయటివాళ్ళకు తెలియదు. గుమ్మడి తెల్లవారుజామున పూస్తుంది, అది 'ఎ' షిఫ్టు. బీర సాయంత్రం, బీ షిఫ్టు. పొట్ల రాత్రి డ్యూటీ. నాలుగో అంతస్తుకు తేనెటీగలు సరిగా రావు గనుక ఆ పని మనమే చేయాలి. రథసప్తమి వెళ్ళాక నాటిన మా తీగ పదిహేను రోజులుగా మగ పువ్వులే పూస్తోంది. ఆ సాయంత్రం మొదటి ఆడ పువ్వు కనిపించింది. రేకుల కింద అగ్గిపుల్లంత పిందె, దాని మీద అప్పుడే కనిపిస్తున్న గీతలు. ఏడుగురం ఫోన్ల దీపాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. ముప్పై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసి దిగిన ఒక పెద్దాయన మగ పువ్వు కోసి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో మూడుసార్లు మెల్లగా అద్దారు. ఎవరూ ఊపిరి తీయలేదు. కాయను ఏడు వాటాలు ఎలా వేయాలన్న చర్చ మెట్లు దిగుతూ మొదలైంది.

మూడో రోజుకు పిందె పసుపెక్కి రాలింది. పండు ఈగ కుట్టిందని ఒకరు, నీళ్ళు ఎక్కువయ్యాయని ఒకరు, ఎండ అని ఒకరు. ఏడుగురు దీపాలు పెట్టి మరీ చూస్తే దిష్టి తగలదా అన్నారు మా అత్తగారు. గుణపాఠాల పుస్తకంలో అదే రాశాను.

వచ్చే ఏడాది పేరు 'ప్లవంగ'. నిఘంటువు తీసి చూస్తే కోతి అని ఉంది. కొండవాలు కాలనీల్లో తోటలున్న సభ్యులు అప్పుడే వలల ధరలు కనుక్కుంటున్నారు.